టిక్కెట్టు వరుస: జెన్నీ లిండ్ మొదలు టేలర్ స్విఫ్ట్ వరకు



ఊరి గుడియెదుట హరికథ జరుగునపుడు, వినవచ్చినవారికి చోటు లేదను మాట యుండదు. పందిరి నిండినచో అరుగులమీదను, అరుగులు నిండినచో వీధిలోను కూర్చుండి విందురు. కథకుని సంభావన ఏ ధర్మకర్తలో, ఏ గృహస్థుడో యిచ్చును. వినువానికి ఖర్చు లేదు. టిక్కెట్టు పద్ధతి దీనికి భిన్నమైనది. నాలుగు గోడల నడుమ కుర్చీలు లెక్కించి, కుర్చీకొక చీటి వ్రాసి, ఆ చీటిని అమ్ముదురు. సురభి నాటక సమాజములు గుడారములు వేసిన కాలమునను, తరువాత టూరింగు టాకీసులు వచ్చిన కాలమునను నేల, బెంచి, కుర్చీ యను తరగతులతో ఈ పద్ధతి మన పల్లెలకు పరిచితమైనది.

ఈ చీటి అమ్మకమునందొక చిక్కు కలదు. పందిరివలె గది పెరుగదు. కుర్చీలు వేయి, వచ్చినవారు పదివేలు అయినపుడు లోనికి పోదగినవారెవరు? లోకము ఇంతవరకు కనిపెట్టిన మార్గములు మూడు. ఎక్కువ వెల యిచ్చినవానికి ఇచ్చుట మొదటిది. ముందు వచ్చినవానికి ఇచ్చుట రెండవది. చీట్లు వేసి, పేరు వచ్చినవానికి ఇచ్చుట మూడవది. సిఫారసును నేను మార్గముగా లెక్కింపలేదు గాని, అది ఈ మూడింటి వెనుకను దాగియుండుట మనమెరిగినదే. అమెరికా దేశమున 1850 మొదలు నేటివరకు ఈ మూడు మార్గములును పరీక్షింపబడినవి. ఆ చరిత్రను చెప్పి, దానివలన నేను గ్రహించిన విషయమొకటి మీ యెదుట నుంచుట నా యుద్దేశము.

జెన్నీ లిండ్ స్వీడను దేశపు గాయని. 1820లో స్టాక్‌హోమ్ నగరమున జన్మించెను. ఐరోపాయందు ఆమె కీర్తి మిక్కిలి గొప్పది. అమెరికాలోనో, ఆమె పాట విన్నవారే అరుదు. పి. టి. బార్నమ్ అను ప్రదర్శనల వ్యాపారి, తానును ఆమె పాట వినకయే, కచ్చేరికి వేయి డాలర్లవంతున నూటయేబది కచ్చేరీలవరకు ఒడంబడిక చేసికొనెను. పిమ్మట పత్రికలద్వారా ఆమె పేరును ఇంటింట మ్రోగించెను. 1850 సెప్టెంబరు 1వ తేదీన ఆమె ఓడ దిగునాటికి న్యూయార్కు రేవున వేలకొలది జనులు గుమిగూడియుండిరి. గానము చెవిని పడకమునుపే గిరాకి పుట్టినది.

మొదటి కచ్చేరి ఆ నెల 11వ తేదీన కాసిల్ గార్డెన్ అను మందిరమున జరిగెను. అది పూర్వము కోట. బార్నమ్ టిక్కెట్లను వేలము వేయించెను. మన భాషలో వేలమునకును పాటయనియే పేరు గదా! గాయని పాటకు ముందు ధరపాట జరిగినదన్నమాట. ఆ వేలము చూడవచ్చినవారినుండి సహితము మందిరపు యజమానులు ప్రవేశరుసుము వసూలు చేసిరనియు, అయినను మూడువేలమంది వచ్చిరనియు బార్నమ్ తన ఆత్మకథలో వ్రాసియున్నాడు. మొదటి టిక్కెట్టును జాన్ జెనిన్ అను టోపీల వర్తకుడు 225 డాలర్లకు పాడుకొనెను. ఆతని అంగడి బార్నమ్ ప్రదర్శనశాల ప్రక్కనే యుండెడిది. మరునాటినుండి ఆతని పేరు దేశమందలి పత్రికల కెక్కినది. సంగీతమున కిచ్చిన సొమ్ము ఆ విధముగా టోపీల ప్రకటనకు పనికివచ్చినది. బోస్టను నగరమున మొదటి టిక్కెట్టు 625 డాలర్లకును, ప్రావిడెన్సు నగరమున 650 డాలర్లకును పోయినవి.

ఈ పద్ధతి లోపము స్పష్టము: బీదవాడు గుమ్మము బయట నిలువవలసినదే. అయినను దీనికి రెండు గుణములు కలవు. ఎవడు పాడెనో, ఎంతకు పాడెనో నలుగురును కన్నులార చూచిరి. పెరిగిన ధర గాయనికిని, నష్టభయమునకు ఓర్చిన నిర్వాహకునికిని చేరినది గాని దారిన పోవువానికి చేరలేదు. న్యూయార్కు తొలి కచ్చేరీలలో తనవంతు వచ్చిన సొమ్మును జెన్నీ లిండ్ ధర్మసంస్థలకు పంచియిచ్చెను.

ఇక రెండవ మార్గము. చార్లెస్ డికెన్స్ గాయకుడు కాడు, ఆంగ్ల నవలాకారుడు. తన నవలలలోని ఘట్టములను వేదికపై తానే చదివి వినిపించుచుండెడివాడు. 1867 డిసెంబరు 2వ తేదీన బోస్టనులో ఆరంభించి, 1868 ఏప్రిలువరకు అమెరికాలో ఆతడు 76 సభలు జరిపెను. టిక్కెట్టు ధర రెండు డాలర్లు. వేలము లేదు, ముందు వచ్చినవానికే చీటి. ఇది ధర్మముగనే తోచును. కాని జరిగినదేమి? మారుబేరగాండ్రు కూలిమనుషులను ముందురాత్రియే వరుసలో నిలిపిరి. ఒక్కొక్కనికి గడ్డిపరుపు, రెండు కంబళ్ళు, రొట్టెయు మాంసమును గల సంచి, విస్కీ సీసా యుండెడివనియు, బ్రూక్లినులో చలికి తాళలేక కొయ్య యిండ్ల నడుమ సన్నని వీధిలోనే పెద్ద మంట వేసికొనగా పోలీసులు వచ్చి ఆర్పవలసివచ్చెననియు డికెన్స్ తన యుత్తరమున వర్ణించెను. రెండు డాలర్ల చీటి చేయి మారి అనేక రెట్లకు అమ్ముడుపోయెను. ఆతని కార్యకర్త జార్జి డాల్బీ, ఒక్కొక్కనికి ఇన్ని చీట్లు మాత్రమేయని హద్దు పెట్టెను. మారుబేరగాండ్రు మనుషుల సంఖ్య పెంచిరి. తుదకు పత్రికలు మారుబేరగాండ్రను విడిచి డాల్బీనే మందబుద్ధియని నిందించినవి.

ఇచ్చట ఒక్క నిమిషమాగి, లెక్క చూతము. జనులు ఇరువది డాలర్లిచ్చుటకు సిద్ధముగా నున్న చీటిని రెండు డాలర్లకు అమ్మినచో, నడుమనున్న పదునెనిమిది డాలర్లు మాయము కావు. అవి యెవరో యొకరికి చేరును. వేలములో గాయనికి చేరును. వరుసలో, అందరికంటె ముందు నిలిచినవానికో, వానిని నిలిపినవానికో చేరును. మా చిన్ననాట ప్రక్క పట్టణపు సినిమాహాలులో క్రొత్త సినిమా మొదటి ఆటకు కిటికీ తెరచిన కొంతసేపటికే 'హౌస్‌ఫుల్' పలక వ్రేలాడెడిది. పలక వ్రేలాడిన వెంటనే లుంగీ కట్టిన మనిషియొకడు గేటు ప్రక్క నిలిచి, రూపాయి టిక్కెట్టు మూడు రూపాయలని గొణుగుచుండెడివాడు. మేము వానిని తిట్టుకొనెడివారము. కొందరు వానియొద్దనే కొనెడివారు. ఆ మనిషికిని బ్రూక్లిను వీధిలో గడ్డిపరుపుపై పండుకొన్నవానికిని వృత్తి యొక్కటియే.

ఇట్లుండ ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కిటికీయే మాయమగుట ఆరంభించెను. టిక్కెట్లను కంప్యూటరుద్వారా అమ్ము కంపెనీలు పుట్టినవి. వానిలో టికెట్‌మాస్టర్ అనునది 1976లో అరిజోనా రాష్ట్రమున స్థాపింపబడి, 1991లో తన ప్రధాన ప్రత్యర్థియైన టికెట్రాన్ ఆస్తులను కొనివేసి, ఆ వ్యాపారమున అగ్రస్థానమున నిలిచినది. చీటి ధరపై 'సేవారుసుము' అను అదనపు భారము అలవాటయ్యెను. 1994లో పెర్ల్ జామ్ అను ప్రసిద్ధ గాయకబృందము, తమ టిక్కెట్టు 18 డాలర్లకును, రుసుము 1 డాలరు 80 సెంట్లకును మించరాదని పట్టుపట్టి, ఆ కంపెనీపై ప్రభుత్వ న్యాయశాఖకు ఫిర్యాదు చేసెను. బృందమువారిరువురు ప్రతినిధిసభ ఉపసంఘము నెదుట సాక్ష్యమును ఇచ్చిరి. 1995లో న్యాయశాఖ ఆ విచారణను చాలించెను. 2010లో కచ్చేరీల నేర్పాటు చేయు లైవ్ నేషన్ అను గొప్ప కంపెనీయు టికెట్‌మాస్టరును ఏకమైనవి. కచ్చేరి నేర్పాటు చేయువాడును, చీటి అమ్మువాడును, పెక్కు మందిరముల యజమానియు నొక్కడే యైనాడని సారాంశము.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. టేలర్ స్విఫ్ట్ అమెరికా దేశపు గాయని. ఆమె పాడు జనరంజక గానమును పాప్ సంగీతమందురు. అమెరికాలోను ఇతర దేశములలోను స్థిరపడిన మన తెలుగువారి పిల్లలలో ఆమె పాటలు నోటికి రానివారు తక్కువ. 2022 నవంబరు 1వ తేదీన ఆమె 'ఈరాస్' అను పేరుతో గానయాత్రను ప్రకటించెను. టిక్కెట్ల ముందస్తు విక్రయము నవంబరు 15వ తేదీ. ఈసారి మూడవ మార్గమును, అనగా చీట్ల పద్ధతిని, ముందు నిలిపిరి. కోరినవారు ముందుగా పేరు నమోదు చేసికొనవలెను. అందు కొందరిని ఎన్నిక చేసి, వారి ఫోనునకు ఒక రహస్య సంకేతము పంపుదురు. నిర్ణీత వేళకు ఆ సంకేతముతో ప్రవేశించి, కంటికి కనబడని వరుసలో నిలిచి, వంతు రాగానే కుర్చీ నెన్నుకొని, కొలది నిమిషములలో సొమ్ము చెల్లింపవలెను. మారుబేరగాండ్రను తొలగించి నిజమైన అభిమానులకే చీటి యిచ్చుట దీని యుద్దేశమని చెప్పిరి.

35 లక్షలమంది పేర్లు నమోదు చేసికొనిరి. 15 లక్షలమందికి సంకేతములు పంపి, తక్కినవారిని వేచియుండుడనిరి. ఆ దినమున కంపెనీ యంత్రములకు 350 కోట్ల అభ్యర్థనలు వచ్చినవని కంపెనీయే ప్రకటించెను. సంకేతము లేనివారును, 'బాట్లు' అను కంప్యూటరు కార్యక్రమములును ఒక్కుమ్మడిగా తలుపు మీద పడినవి. బాటు అనగా మనిషివలె నటించుచు, మనిషికి వేయి రెట్ల వేగముతో కొనుగోలునకు ప్రయత్నించు యంత్రపు కూలివాడు. బ్రూక్లిను కూలివానికి చలి వేసెను, నిద్ర వచ్చెను. వీనికి రెండును లేవు. యంత్రములు తట్టుకొనలేకపోయెను. గంటలకొలది వేచినవారు వరుసనుండి త్రోసివేయబడిరి. కుర్చీ నెన్నుకొనిన పిమ్మట అది చేజారినవారును కలరు. అయినను ఆ యొక్క దినమున 20 లక్షలకు పైగా టిక్కెట్లు అమ్ముడుపోయెను. ఒక గాయకునికి ఒక దినమున ఇన్ని టిక్కెట్లు అమ్ముడగుట అంతకుముందు లేదు. సామాన్య ప్రజల కొరకు 18వ తేదీన జరుగవలసిన విక్రయమును 17వ తేదీననే రద్దు చేసిరి. ఎంతటి గిరాకినైనను తట్టుకొనగలమని తమకు పలుమారు హామీ యిచ్చిరని ఆ గాయని బహిరంగముగా వ్రాసెను. వచ్చిన గిరాకి యంతయు తీరవలెనన్నచో ఆమె తొమ్మిదివందల స్టేడియములకు పైగా పాడవలసియుండునని కంపెనీ సమాధానము చెప్పెను. ఆ సమాధానమున కొంత సత్యము కలదు. గది పెరుగదని నేను మొదట మనవి చేసినది అదియే.

ఆమె టిక్కెట్ల సామాన్య ధర 49 డాలర్లనుండి 449 డాలర్లవరకు. మారు విక్రయమున అవి వేల డాలర్లు పలికినవి. డికెన్స్ నాటి రెండు డాలర్ల లెక్కయే మరల వచ్చినది. భేద మెచ్చటననగా, నేడు చీటి నమ్ము కంపెనీలే మారుబేరమునకును వేదిక నడుపుచు, దానిపైనను రుసుము గ్రహించుచున్నవి. లుంగీ కట్టిన మనిషి గేటు ప్రక్కనుండి కిటికీ లోపలికి చేరినాడు.

ఇట్టిది అమెరికాలోనే జరిగినదని తలంపవలదు. 2024 ఆగస్టు 31వ తేదీన బ్రిటనులో ఒయాసిస్ అను బృందపు టిక్కెట్లు అమ్మిరి. జనులు గంటలకొలది వేచి, వంతు వచ్చిన పిమ్మట చూడగా, సుమారు నూటయేబది పౌనులని తలచిన నిలుచుండు చోటు 355 పౌనులైయుండెను. నిలుచుండు చోట్లకు రెండు ధరలు పెట్టి, తక్కువ ధరవి తీరిన పిదప ఎక్కువ ధరవి విడుదల చేసిరనియు, ఆ సంగతి వరుసలోనివారికి తెలియలేదనియు ప్రభుత్వ విచారణలో తేలినది. ఇకముందు ఇట్టి ధరల అంతరువులున్నచో 24 గంటల ముందు తెలుపుదుమని 2025లో కంపెనీ మాట యిచ్చినది. మన దేశమున 2024 సెప్టెంబరు 22వ తేదీన, ముంబయి సమీపమున జరుగనున్న కోల్డ్‌ప్లే కచ్చేరీల టిక్కెట్లకు బుక్‌మైషో వేదికపై జనసమ్మర్దము కలిగి, వరుసలో తమ ముందు లక్షలమంది కలరను అంకెను చూచి యువకులు నిశ్చేష్టులైరి. 2,500 రూపాయలనుండి 35,000 రూపాయలవరకు గల టిక్కెట్లను ఇతర స్థలములలో లక్షల రూపాయలకు అమ్మజూపిరి. పోలీసులు విచారణ జరిపిరి.

చట్టములు లేకపోలేదు. బాట్లతో టిక్కెట్లు కొనుటను నిషేధించుచు అమెరికాలో 2016లోనే శాసనము చేసిరి. 2023 జనవరి 24వ తేదీన సెనేటు న్యాయసంఘము కంపెనీ అధికారిని పిలిపించి ప్రశ్నించెను. మిన్నెసోటా రాష్ట్రమున 2024లో, రుసుములన్నియు కలిపిన మొత్తమును మొదటనే చూపవలెనను శాసనమునకు గవర్నరు సంతకము చేసెను. ఆ బిల్లు సంఖ్య 1989. అది ఆ గాయని పుట్టిన సంవత్సరము, ఆమె గానసంపుటి యొకదాని పేరును. 2024 మే 23వ తేదీన న్యాయశాఖయు పలు రాష్ట్రములును లైవ్ నేషన్‌పై గుత్తవ్యాపారపు నేరము మోపి వ్యాజ్యము వేసినవి. 2025 మేనెలనుండి మొత్తము ధరను మొదటనే చూపుట ఆ దేశమంతటను విధియైనది.

ఈ చరిత్రయంతటిలో నా మనస్సును పట్టినది చీటి ధర కాదు, వరుస స్వరూపము. బార్నమ్ వేలము నలుగురి యెదుట జరిగినది. బ్రూక్లిను వరుస వీధిలో నడిచినది. అన్యాయము జరిగినను, ఎవడు ముందు నిలిచెనో, ఎవడు కూలికి నిలిచెనో చూచినవారు కలరు. నేటి వరుసలో ముందున్నవాడు మనిషియో యంత్రమో తెలియదు. అమ్మకమునకు వచ్చిన కుర్చీలెన్నియో తెలియదు. న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరలు 2016లో ప్రకటించిన నివేదికను చూడుడు. గిరాకి గల కచ్చేరీలలో సగటున నూటికి 46 టిక్కెట్లు మాత్రమే సామాన్య ప్రజలకు విక్రయమునకు వచ్చుచుండెనని అందు కలదు. 38 టిక్కెట్లు ముందస్తు విక్రయములలో పోవును. 16 టిక్కెట్లు కళాకారులు, నిర్వాహకులు మొదలగువారి కొరకు ప్రక్కన బెట్టబడును. నేను మొదట లెక్కింపక విడిచిన సిఫారసు ఇచ్చట అంకెలలో కనబడుచున్నది. రాత్రియెల్ల మేల్కొని కంప్యూటరు ముందు కూర్చుండిన బాలిక తన దురదృష్టమును నిందించుకొనును గాని, తాను పోటీపడినది సగముకన్న తక్కువ కుర్చీలకేయని ఎరుగదు.

పాట వినుట ప్రాణావసరము కాదు గదా, దీనికింత విచారమేలయని మీలో కొందరికి తోచవచ్చును. కాని వరుస పాటకే పరిమితము కాదు. మన రైతులు యూరియా కొరకు చెప్పులను, పట్టాదారు పాసుపుస్తకములను వరుసలో నుంచి చెట్టునీడన కూర్చుండిన దృశ్యములు మనమెరుగుదుము. ఆ చెప్పులు వీధిలో నుండుటచేతనే, నడుమ నొక క్రొత్త జత వచ్చి చేరినచో వెంటనే పదిమంది లేచి అడుగుదురు. తిరుమల మూడువందల రూపాయల దర్శనపు టిక్కెట్లు అంతర్జాలమున విడుదలయగు దినమున మీ యిండ్లలో మనుమలు ఫోనులు పట్టుకొని కూర్చుందురు. కూపనులు, దరఖాస్తులు, దర్శనములు క్రమముగా వీధిని విడిచి తెరమీదికి పోవుచున్నవి. ఇందు సౌకర్యము కలదు, దానిని నేను కాదనను. వృద్ధులు ఎండలో నిలువనక్కరలేదు. అయితే వీధిలోని వరుసకు గ్రామము కాపలా యుండెడిది. తెరమీది వరుసకు కాపలా లేదు.

కావున గాయకులు వేలమే వేయుదురో, ముందు వచ్చినవారికే యిత్తురో, చీట్లే వేయుదురో అది వారి యిష్టము. ఏ మార్గమైనను గదిని పెంచజాలదు, అందరిని తృప్తిపరుపజాలదు. అమ్మువానిని మనమడుగవలసినవి మూడు మాటలు: మొత్తము కుర్చీలెన్ని, అందు మాకు అమ్ముచున్నవెన్ని, రుసుములతో కలిపి వెల యెంత? ఈ మూడును అమ్మకమునకు ముందే పలకపై వ్రాసినచో, చీటి దొరకనివాడు విచారించునే గాని మోసపోయితినని తలంపడు. వెనుక నిలిచినవాడు వట్టిచేతులతో ఇంటికి పోవుటకు ఒప్పుకొనును. తన ముందేమి జరిగినదో తెలియకుండ పోవుటకు ఒప్పుకొనడు. ఆ యొప్పుకొనకపోవుట న్యాయమనియే నా యభిప్రాయము.